ఇంగ్లీషు మాటలకు ఇంటిపేర్లు

ట్రాన్స్‌ఫర్, సఫర్ ఒకే ఇంటి ఆడపిల్లలు. లాటిన్‌లో ‘ఫెర్రె’ అంటే మోసుకుపోవడం. అవతలికి మోసుకుపోతే ట్రాన్స్‌ఫర్, కింద పడి మోస్తే సఫర్. సర్కారు కొలువులో చేరినవాళ్ళకు ఈ చుట్టరికం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు, మొదటి ఆర్డరు చేతికి రాగానే తెలిసిపోతుంది. నాకు వనపర్తిలో కొంచెం తెలిసింది, గద్వాలలో బాగా తెలిసింది, నాగర్‌కర్నూల్ వైపు పోయాక ఇక తెలియాల్సిందేమీ మిగల్లేదు.

కొత్తగా ఇంగ్లీషు టీచర్లుగా చేరుతున్నవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, ‘మీ అనుభవాలు చెప్పండి మేడం’ అంటారు. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, ఎవరి సీనియారిటీని ఎవరు తొక్కారు అనే పురాణం కావాలంటే ఏ టీచర్ల సంఘం ఆఫీసుకైనా పోండి, ఆపమన్నా ఆపరు. ఎనభైల్లో, తొంభైల్లో ఆ ఉద్యోగం నిజంగా ఎట్లా ఉండేదో మాత్రం ఇక్కడ రాస్తున్నాను. చదివాక ఉద్యోగం మానేస్తే నా పూచీ లేదు.

గైడు దయ

నేను వనపర్తిలో చేరిననాటికి పిల్లలు ఇంగ్లీషు చదివేవాళ్ళు కాదు, అప్పజెప్పేవాళ్ళు. గైడులో ప్రశ్న కింద జవాబు ఉంటుంది. జవాబు నోటికి వస్తే చాలు, ప్రశ్న ఏమిటన్నది ఎవరికీ పట్టదు. చేరిన కొత్తలో ఒక పిల్లను లేపి, ‘మీ నాన్న ఏం చేస్తాడు’ అని ఇంగ్లీషులో అడిగాను. ఆ పిల్ల చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, తాజ్‌మహల్ ఎవరు కట్టించారో, ఎందుకు కట్టించారో ఊపిరి తీయకుండా చెప్పి కూర్చుంది. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

వరండాలో పోతున్న హెడ్మాస్టరు ఆగి, “మంచిగ చెప్పింది గదమ్మా,” అన్నాడు.

“నేను అడిగింది అది కాదు సార్.”

“నువ్వు అడిగింది ఎవరికి గావాలె? ఆపకుండ చెప్పిందా లేదా?”

ఆయన చెడ్డవాడేమీ కాదు. పిల్లలకు జ్వరం వస్తే తన సైకిలు మీద దవాఖానకు తీసుకుపోయేవాడు. చదువు అంటే ఆపకుండా చెప్పడమని ఆయనకూ ఎవరో ఆపకుండా చెప్పి ఉంటారు.

ఆ రోజుల్లోనే పాత కాగితాలమ్మే రద్దీ కొట్టులో నాకు అట్టలు ఊడిన పాత డిక్షనరీ ఒకటి దొరికింది. ప్రతి మాట కింద అది ఏ లాటిన్ మాటలోంచి వచ్చిందో చిన్న అక్షరాల్లో ఉంది. మర్నాడు క్లాసులో గైడు పక్కన పెట్టి బోర్డు మీద ‘పోర్ట్’ అని రాశాను. మోయడం అని అర్థం చెప్పాను. గద్వాల స్టేషన్‌లో సామాను మోసేవాడు పోర్టర్. లోపలికి మోసుకొస్తే ఇంపోర్ట్, బయటికి మోసుకుపోతే ఎక్స్‌పోర్ట్. కింద నిలబడి భారం మోస్తే సపోర్ట్. ఒకచోట జరిగింది ఇంకోచోటికి మోస్తే రిపోర్ట్. మా స్టాఫ్‌రూంలో ఈ చివరి పని చేసేవాళ్ళకు కొదవ లేదు, కాబట్టి పిల్లలకు ఉదాహరణ వెతుక్కునే శ్రమ లేకపోయింది.

ఆ తర్వాత ‘డ్యూక్’, నడిపించడం. కండక్టర్, ప్రొడ్యూస్, రెడ్యూస్, ఎడ్యుకేషన్ అన్నీ ఆ ఇంటివే. కండక్టరూ నేనూ ఒకే ఇంటివాళ్ళమని విని పిల్లలు పగలబడి నవ్వారు. నవ్వకేం చేస్తారు, ఆయన కనీసం ఎక్కినవాళ్ళను దిగాల్సిన ఊళ్ళో దించుతాడు.

చీరల ఊళ్ళో

గద్వాలకు మోయబడ్డాక నా పద్ధతికి ఒక పేరు దొరికింది. మొదటిరోజు హాజరు పిలుస్తుంటే ఇద్దరు పిల్లలకు ఒకే ఇంటిపేరు వచ్చింది. మీరిద్దరూ అక్కచెల్లెళ్ళా అని అడిగాను.

“కాదు మేడం,” అంది అందులో పెద్దది. “చుట్టాలం గూడ కాదు. ఇంటిపేరు ఒకటే. ఎన్కకు పోతే యాడనో కలుస్తది.”

నేను ఒక నెల పాటు చెప్పాలనుకున్నది ఆ పిల్ల మూడు ముక్కల్లో తేల్చేసింది. అప్పటినుంచి నేను లాటిన్ ధాతువు అనడం మానేసి ఇంటిపేరు అనడం మొదలుపెట్టాను. మాటకు ఇంటిపేరు చూడండి, ముందూ వెనకా ఏం తగిలించుకుందో చూడండి, అర్థం అదే దొరుకుతుంది.

ఆ క్లాసులో సగం మంది మగ్గాల ఇళ్ళ పిల్లలు. బడి నుంచి పోగానే కండెలు చుట్టడానికి కూర్చునేవాళ్ళు. వాళ్ళకు ‘టెక్స్ట్’ చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. లాటిన్‌లో నేయడం. టెక్స్‌టైల్ అంటే నేసిన బట్ట, టెక్స్ట్ అంటే నేసిన మాటలు. ‘కాంటెక్స్ట్’ అంటే కలిపి నేసింది అనగానే వెనక బెంచీలోంచి ఒక పిల్ల, “మా తాన చీర నడుమ నూలు, అంచు పట్టు మేడం. రెండూ కలిపి నేస్తరు. అంచు ఒక్కటే కోసి చూపిస్తే ఏం చీరనో తెల్వదు,” అంది. కాంటెక్స్ట్ అంటే ఏమిటో నేను వేరే చెప్పనవసరం లేకుండా పోయింది. ‘ప్రీటెక్స్ట్’ అంటే ముందర అడ్డంగా నేసి పెట్టిన తెర, అంటే సాకు. దానికి నమూనాలు కావాలంటే మన శాఖలో బదిలీ ఆర్డర్లు చదవండి.

గద్వాలలో ఉన్నన్నాళ్ళూ సుఖంగా ఉన్నాను. అది పైవాళ్ళకు తెలిసినట్టుంది, మళ్ళీ మోసుకుపోయారు.

పర్సెంట్ మేడం

ఈసారి నాగర్‌కర్నూల్ వైపు, తెలకపల్లి దాటాక ఒక ఊరి హైస్కూలు. ఊరి పేరు చెప్పను. ఆ బడి హెడ్మిస్ట్రెస్ ప్రమీలాదేవి గారు. ‘పర్ సెంటుమ్’ అంటే లాటిన్‌లో వందకు. మేడం గారికి వచ్చిన లాటిన్ అదొక్కటే, కానీ దాన్ని చాలా భక్తితో వాడేవారు. పదో తరగతిలో వందకు వంద మంది పాసవ్వాలి. దానికి ఆమె కనిపెట్టిన ఉపాయం అతి సులువు. తప్పుతారని అనుమానం ఉన్న పిల్లల పేర్లు పరీక్షకు పంపకపోవడమే. ఆ ఉపాయం ఆమె ఒక్కరిదే అనుకుంటే మీరు అమాయకులు.

ఆ ఏడు పదో తరగతిలో బాలమణి అనే పిల్ల ఉండేది. తండ్రి కిష్టయ్య, తల్లి, ఇద్దరూ ఏటా కూలీలను పనికి తోలుకుపోయే గుంపు మేస్త్రీ వెంట దేశాలు పట్టిపోయి డ్యాముల దగ్గర, కాలువల దగ్గర మట్టి మోసేవాళ్ళు. వానలు పడేటప్పుడు ఊరికొచ్చి రెండెకరాల చెలకలో జొన్న వేసుకుని, మళ్ళీ పోయేవాళ్ళు. పిల్ల నాయనమ్మ దగ్గర ఉండి చదువుకునేది. పది పాసైతే ముందుకు చదివిస్తానని, తప్పితే తట్ట పట్టుకుని తమ వెంట రావాల్సిందేనని కిష్టయ్య బిడ్డకు ముందే చెప్పి పెట్టాడు. కాబట్టి ఆ పిల్లకు పదో తరగతి అంటే ఏమిటో మాకందరికీ తెలుసు.

గైడు జవాబులు ఆమె నోటికి వచ్చేవి కావు. కానీ ఎన్నడూ చూడని పేజీ ఇచ్చినా ఒక్కో మాట ఇంటిపేరు పట్టుకుని, ఎక్కడో ఒకచోట తప్పు చేస్తూ, మొత్తానికి ఒడ్డుకు చేరేది. అట్లాంటి పిల్లలు మీకు దొరికితే కాపాడుకోండి. మన పరీక్షలకు వాళ్ళంటే గిట్టదు.

వరస కుదరదు సార్

ఇన్‌స్పెక్టర్, సస్పెక్ట్, రెస్పెక్ట్, మూడింటిదీ ఒకే ఇంటిపేరు. చూడడం. లోపలికి చూసేవాడు మొదటివాడు, కిందినుంచి దొంగచూపు చూడడం రెండోది, వెనక్కి తిరిగి మళ్ళీ చూడడం మూడోది. మొదటివాడు బడికి వస్తే రెండోది మొదలవుతుంది, మూడోది అయిపోతుంది.

దసరా సెలవుల తర్వాత ఒక ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. ప్రమీలాదేవి గారు వెంట ఉన్నారు. ఆయన బోర్డు మీద నా ఇంటిపేర్ల పట్టీ చూసి, బాలమణిని లేపి, ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రెండూ ‘అండ్’తో కలిపి ఒక వాక్యం చెప్పమన్నారు. ఐదో తరగతి పిల్ల చెప్పగలిగిన వాక్యం. బాలమణి నోరు తెరవలేదు.

“తెల్వదా?” అన్నారాయన.

“తెలుసు సార్. కలుపొద్దు.”

“కలుపొద్దా? ఎందుకు?”

“రెండింటిదీ ఒకటే ఇంటిపేరు సార్. వరస కుదరదు.”

క్లాసంతా తల ఊపింది. పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళు ఊపినంత గంభీరంగా. నేను ఇంటిపేరు అన్న నాటినుంచి, ఆ ఇంట్లో పుట్టినవన్నీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అని పిల్లలు తమలో తాము తీర్మానం చేసుకున్నారని, ‘అండ్’ పెట్టడమంటే కొంగుముడి వేయడమని నిర్ణయించారని అప్పుడు నాకు తెలిసింది. అంతకుముందు నెల రోజులుగా వాళ్ళ వాక్యాల్లో ఒక ఇంటి మాటలు రెండు పక్కపక్కన ఎందుకు రావడం లేదో కూడా అప్పుడే అర్థమైంది. తెలుగు పిల్లలు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. ఎంత పద్ధతైన తప్పో చూడండి. నాకు నవ్వు ఆగలేదు. ఇన్‌స్పెక్టర్ గారికి మాత్రం నవ్వు రాలేదు.

ఆయన పోయాక పిల్లలకు చెప్పాను: “అండ్ అంటే పెళ్ళి కాదే. ఒక బంతిలో పక్కపక్కన కూర్చోబెట్టడం. అన్నాచెల్లెళ్ళు పక్కపక్కన కూర్చుని తినరా?”

“గట్లయితె సరే మేడం,” అన్నారు. ఆ సాయంత్రానికి అందరి వాక్యాలూ బాగుపడ్డాయి. కానీ ఆలోపు ఆఫీసు గదిలో ఇంకొకటి చెడిపోయింది.

“ఏందమ్మా నీ లాటిన్ లొల్లి?” అన్నారు ప్రమీలాదేవి గారు. “సార్ ముంగట ఇజ్జత్ తీసింది ఆ పిల్ల. దాని పేరు పరీక్షకు పంపుత లేను.”

“మేడం, కొత్త పేజీ ఇచ్చినా చదివి అర్థం చెప్పే పిల్ల ఈ బడిలో అదొక్కటే.”

“కొత్త పేజీ పరీక్షల ఎందుకొస్తది? వస్తే రెండు మార్కులకొస్తది. నాకు నూటికి నూరు గావాలె. పైనుంచి అడుగుతుండ్రు. నేనెవరికి చెప్పుకోవాలె?”

“నిజమే మేడం. రోగులను చేర్చుకోకపోతే దవాఖానలో ఎవరూ చావరు.”

నా నోరు నాకు ఎప్పుడూ ఉపకారం చేయలేదు, ఆ రోజూ చేయలేదు. మర్నాడు మెమో ఇచ్చారు. ‘మెమొరాండుమ్’ అంటే గుర్తుంచుకోవలసింది. రిటైరయ్యాక కూడా గుర్తుంచుకున్నాను, ఆమె ఉద్దేశం నెరవేరినట్టే.

కొత్త టీచర్లకు ఒక మాట. పై అధికారికి చురక అంటించితే మీకు హాయిగా ఉంటుంది, స్టాఫ్‌రూంలో నాలుగు రోజులు మీ పేరు చెప్పుకుంటారు. పిల్ల పేరు మాత్రం పరీక్షకు పోదు.

కంపెనీ

దీపావళి అయ్యాక గుంపు మేస్త్రీ ఊరికొచ్చాడు. ఆ మర్నాడే కిష్టయ్య బడి గేటు దగ్గర నిలబడ్డాడు.

“మేడం, పరీక్షకే పంపరంట గద. ఇగ ఈడ ఉండి ఏం జేస్తది? ఆడ డ్యాం కాడ కంపెనీల ఆడపిల్లలకు గూడ పని ఉన్నదట.”

“పరీక్ష వేరేచోట రాయిస్తాను కిష్టయ్యా. ఎండాకాలం దాకా ఆగలేవా?”

“నేను ఆగుత మేడం. మేస్త్రీ ఆగాలె గద.”

ఆ వారమే క్లాసులో ‘కంపెనీ’ చెప్పాను. లాటిన్‌లో ‘పానిస్’ అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవాళ్ళు కంపెనీ. చెప్పి, మీకేమైనా అడగాలని ఉందా అన్నాను. బాలమణి లేచింది. “మేస్త్రీ వేరే తింటడు మేడం,” అంది. “మావోళ్ళు తినేటప్పుడు దగ్గరికి గూడ రాడు.” ఆ రోజు నాకు చాలా సిగ్గుగా అనిపించింది. డిక్షనరీ రాసినవాళ్ళకు అనిపించాల్సింది నాకు అనిపించింది.

కొల్లాపూర్‌లో నాకు తెలిసిన హెడ్మాస్టరు ఒకాయన ఉండేవాడు. ఆయన చేత బాలమణిని ప్రైవేటుగా పరీక్షకు కట్టించాను. హోలీ అయిన తర్వాత పరీక్షలు, ఎట్లాగైనా తీసుకురావాలని కిష్టయ్యకు చెప్పాను. సరే అన్నాడు. ఆ గుంపులో సరే అని పోయి రానివాళ్ళు చాలామంది. తల్లి, తండ్రి, బిడ్డ లారీ ఎక్కిపోయారు. బాలమణి తన మూటలో ఇంగ్లీషు వాచకం పెట్టుకుంటే మేస్త్రీ చూసి, “గది ఎన్ని తట్టలు మోస్తదే?” అన్నాడట. ఆ మాట తర్వాత బాలమణే నాకు చెప్పింది.

పరీక్షల ముందురోజు పొద్దున్నుంచి కొల్లాపూర్ బస్టాండులో కూర్చున్నాను. మామిడికాయల బుట్టలు దిగుతున్నాయి, ఎక్కుతున్నాయి. మధ్యాహ్నానికి నాకు ఆశ పోయింది. ఇంతకన్నా గైడు బట్టీ పట్టించి, మేడం గారి వందలో ఈ పిల్లను కూడా కలిపి ఉంటే సరిపోయేది కదా అని నా మీద నాకే కోపం వచ్చింది. సాయంత్రం బస్సులోంచి కిష్టయ్య దిగాడు. వెనక బాలమణి. నల్లబడి, సన్నబడి, తలకు తువ్వాల చుట్టుకుని ఉంది.

“మేస్త్రీ ఒప్పుకున్నాడా?” అన్నాను.

“అడగలే మేడం,” అన్నాడు కిష్టయ్య. “అడుగుతె ఒద్దంటడు గద.”

భార్యను అక్కడే గుంపులో ఉంచి, చెప్పకుండా బయలుదేరి వచ్చాడు. తిరిగిపోతే మేస్త్రీ ఏమంటాడో అతనికి తెలుసు. ఆ రాత్రి బస్సుకే వెనక్కి పోయాడు. పిల్ల పరీక్షలన్నీ రాసేదాకా నాతోనే కొల్లాపూర్‌లో ఉంది. చేతులు పగిలి ఉన్నాయి. కలం పట్టుకుంటే నొప్పి అని ఒక్కసారే చెప్పింది.

ఫలితాలు వచ్చాయి. ప్రమీలాదేవి గారి బడికి నూటికి నూరు. పేపర్లో ఫోటో వేశారు, బడిలో స్వీట్లు పంచారు, నేనూ రెండు తిన్నాను. ఆ నూటిలో లేని పిల్ల కూడా కొల్లాపూర్ నంబరు మీద పాసైంది. ఇంగ్లీషులో గొప్ప మార్కులేమీ రాలేదు, గట్టెక్కింది. ఇంటిపేర్ల పద్ధతి వల్ల జిల్లా ఫస్టు వచ్చిందని చెప్పాలని నాకూ ఉంది. రాలేదు.

ఎవరి చేతుల

వానలు పడి గుంపులు ఊళ్ళకు తిరిగి వచ్చాయి. ఒకరోజు కిష్టయ్య, బాలమణి మా ఇంటికొచ్చారు. వనపర్తిలో ఇంటర్‌కు, హాస్టలుకు నేను దరఖాస్తు పెట్టించి ఉన్నాను. అక్కడ సీటు వచ్చింది. ఇక్కడ ఊళ్ళో మేస్త్రీ కూడా కిష్టయ్య ఇంటికొచ్చి కూర్చున్నాడట. చెప్పకుండా పోయినందుకు కిష్టయ్యను నలుగురిలో తిట్టి, వచ్చే పనికి బిడ్డ పేరు కూడా రాయిస్తేనే గుంపులో ఉంచుకుంటానన్నాడట.

కిష్టయ్య గడప దగ్గరే కూర్చున్నాడు. ఎంత చెప్పినా కుర్చీలో కూర్చోలేదు.

“నాకేం తెల్వదు మేడం. మస్తు పరేషాన్ అయితుంది. మేస్త్రీ గట్లంటుండు, మీరు గిట్లంటున్నరు. పిల్లను మీ చేతుల పెడుతున్న. మీరేమంటే గదే.”

టీచరుకు ఇంతకన్నా ఇష్టమైన మాట ఉండదు. నాకూ నచ్చింది, అబద్ధం ఎందుకు. వనపర్తికి పంపు అందామని నోరు తెరిచాను కూడా.

అప్పుడే నాకొక మాట గుర్తొచ్చింది. ‘ఎమాన్సిపేట్’. పరీక్షలో రాదని ఎన్నడూ క్లాసులో చెప్పలేదు. ‘మానుస్’ అంటే చెయ్యి. పాత రోములో బిడ్డలు ఎంత పెద్దవాళ్ళయినా తండ్రి చేతి కిందే ఉన్నట్టు లెక్క. ఆ చేతిలోంచి తీసి బయటికి వదిలేయడానికి ఆ మాట. వదిలేయడానికి, ఇంకొకరి చేతిలో పెట్టడానికి కాదు. ఎదురుగా కిష్టయ్య మేస్త్రీ చేతిలో పెట్టాల్సిన పిల్లను నా చేతిలో పెడుతున్నాడు. నేను చాలా మంచిదాన్ని, సంతోషంగా చెయ్యి చాపుతున్నాను.

“నా చేతిలో వద్దు కిష్టయ్యా,” అన్నాను. “పిల్లను అడుగు.”

“దీన్నా? దీన్నేం అడుగుత మేడం?”

“ఏం చేస్తావని అడుగు.”

అతను నన్ను చూశాడు, నేను ఎగతాళి చేస్తున్నానేమోనని. నా గురించి ఊళ్ళో ఉన్న పేరు అట్లాంటిది మరి. తర్వాత భుజం మీది తువ్వాల తీసి ఒళ్ళో పెట్టుకుని, బిడ్డ వైపు తిరిగాడు. పదహారేళ్ళు పెంచిన పిల్లను ఎట్లా అడగాలో అతనికి తెలియలేదు, గొంతు సవరించుకున్నాడు.

“ఏమంటవ్ బిడ్డా?”

బాలమణి నా మొహం వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో జవాబు తెలిసి కూడా సైగ చేయకుండా ఉన్నది ఆ ఒక్కసారే. నాకు చాలా కష్టమైంది.

“వనపర్తికి పోత నాయనా,” అంది.

కిష్టయ్య తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. తర్వాత లేచి తువ్వాల దులుపుకుని, “సరే మరి. మేస్త్రీకి ఏం జెప్పాల్నో ఏమో,” అన్నాడు.

“నువ్వు జెప్పకు,” అంది బాలమణి. “ఆయనకు నేనే జెప్త.”